చూసింది పైకి చెప్పు

ముందు గది, కిటికీ పక్క మంచం మీద నుంచి
సోమవారం

మామయ్యకు,

అమ్మ మీకు ఫోన్ చేసిందని తెలిసింది. ఆవిడ చెప్పినదాంట్లో సగం తీసేస్తే మిగిలింది నిజం. నేను లారీ కింద పడలేదు. రోడ్డు పక్కన ఆగి ఉన్న కారు తలుపు ఉన్నట్టుండి తెరుచుకుంది, సైకిల్ దానికి కొట్టుకుంది, నేను అవతల పడ్డాను. మోకాలు చీరుకుని కుట్లు పడ్డాయి. మణికట్టు వాచింది గానీ విరగలేదు. కారాయన మంచివాడే. నాకంటే ఆయనే ఎక్కువ వణికాడు. పడినదాన్ని నేనైతే ఓదార్పు ఆయనకు చెప్పాల్సి వచ్చింది.

ఈ ఉత్తరం దెబ్బల గురించి కాదు. పడుకుని ఆలోచిస్తుంటే ఒక సంగతి తట్టింది. ప్రెస్సు గేటు దాటడం గుర్తుంది. కారు తలుపు గుర్తుంది. మధ్యలో దారి లేదు. ఎంత గింజుకున్నా గుర్తు రావడం లేదు. ఆ దారిలో సిగ్నళ్ళున్నాయి, వంతెన ఉంది, రైల్వే గేటు ఉంది. అవన్నీ దాటే ఉంటాను కదా. సైకిల్ మీద ఒళ్ళు మాత్రమే ఉంది, బుర్ర నేను దిద్దుతున్న ఏడో తరగతి భూగోళం ప్రూఫుల్లో ఉంది. ఒక పటం కింద ఇంకో పటం పేరు పడింది, ఆ పుట అచ్చుకు వెళ్ళిపోయిందేమోనని మథనపడుతున్నాను. పుస్తకంలో ఏ నది ఎటు పోతుందో తెలుసు గానీ నేను ఎటు పోతున్నానో తెలియలేదు.

ఇలా ఎన్నేళ్ళుగా వెళ్ళి వస్తున్నానో తలుచుకుంటే దెబ్బ తగిలినప్పటి కంటే ఎక్కువ భయమేసింది.

అమ్మ సైకిల్ తాళంచెవి ఎక్కడో దాచింది. బస్సులో వెళ్ళమంటోంది. రెండు బస్సులు మారాలి. పైగా సైకిల్ తొక్కిన రోజు నాకు ఒళ్ళు తేలిగ్గా ఉంటుంది, దాన్ని వదులుకోవాలని లేదు. మీరు డిపోలో కొత్త డ్రైవర్లకు బస్సు నేర్పినవారు, నాకు సైకిల్ నేర్పినవారు. నన్ను రోడ్డు మీదికి పంపుతారో ఇంట్లో కూర్చోబెడతారో మీరే చెప్పండి. మీరు చెబితే అమ్మ వింటుంది. వినకపోయినా విన్నట్టు ఊరుకుంటుంది.

మీ మేనకోడలు


వెనక వరండా, కుర్చీలో
శుక్రవారం

కోడలు పిల్లా,

తలుపు తెరిచినవాడిది తప్పు. అంత దగ్గరగా వెళ్ళింది నువ్వు. కోర్టుకైతే మొదటి మాట చాలు, మోకాలికి రెండోది కూడా కావాలి.

సైకిల్ మానక్కర్లేదు. మా అక్కకు చెప్పు, తాళంచెవి ఇచ్చెయ్యమని. చిన్నప్పుడు నా బొంగరం కూడా అలాగే దాచేది, దాచిన చోటు తనే మరిచిపోయేది.

పొద్దున బయల్దేరే ముందు చక్రాలు వేలితో నొక్కు. రెండు బ్రేకులూ పట్టి బండిని ముందుకు తోసి చూడు. సంచీ హ్యాండిల్‌కు తగిలించకు, వెనక కట్టు. చీకటి పడ్డాక కాదు, పడబోతుండగానే లైటు వెయ్యాలి. ఆ లైటు నువ్వు చూడటానికి కాదు, నిన్ను చూడటానికి. ఆగి ఉన్న కారుకూ నీకూ మధ్య ఒక తలుపంత జాగా ఎప్పుడూ ఉండాలి. వెనక అద్దంలోంచి లోపల తలకాయ కనిపిస్తే ఇంకాస్త ఎక్కువ ఉండాలి. మలుపు దగ్గర డ్రైవరు మొహం చూడకు, ముందు చక్రం చూడు. మొహం ఏమైనా చెబుతుంది, చక్రం తిరగబోయే వైపే చెబుతుంది. బస్సుకూ ఫుట్‌పాత్‌కూ మధ్య సందులో దూరావో, నీకూ నాకూ మాటల్లేవు. బస్సు అద్దం నీకు కనిపించలేదంటే డ్రైవరుకు నువ్వు లేవు.

ఇవన్నీ ఎవరైనా చెబుతారు. నీ రోగానికి మందు వేరే ఉంది. డిపోలో కొత్త డ్రైవరు వెనక కూర్చుని మేము ఒకటే మాట అనేవాళ్ళం, "చూసింది పైకి చెప్పు" అని. వాడు బండి నడుపుతూ గట్టిగా చెప్పుకుంటూ పోవాలి. ఎడమ పక్క గేటు తెరిచి ఉంది, ఎవరైనా రావచ్చు. కుడి పక్క ఆటో ఆగబోతోంది. ముందు ముసలాయన దాటాలా వద్దా అని చూస్తున్నాడు. ఇలా. వాడు నోరు మూశాడంటే బుర్ర వేరే ఊరు వెళ్ళిందన్నమాట. వెంటనే వెనక నుంచి భుజం తట్టేవాళ్ళం. నోరు ఇక్కడుంటే బుర్ర ఇంకోచోటికి పోలేదు. నువ్వూ అలాగే చెయ్యి. నలుగురూ నవ్వుతారు, నవ్వనీ.

చూసినవి నాకు ఉత్తరం రాయి, నేనూ నా దారి సంగతి రాస్తాను. ఫోను వద్దు. ఫోనులో నువ్వు ఊ కొడుతూ ప్రూఫులు దిద్దుకుంటావని నాకు తెలుసు.

నా మనవరాలు పిచ్చుకకు కూడా ఇదే నేర్పుతున్నాను. వాళ్ళమ్మకు ఆసుపత్రిలో పొద్దుటి డ్యూటీ పడింది, అందుకని స్కూలుకు నేనే సైకిల్ వెనక సీటు మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్తున్నాను. ఆ ప్రయాణమే లేకపోతే రిటైరైన మనిషికి పొద్దు పొడిచినా పొడవకపోయినా ఒకటే.

మామయ్య


ప్రూఫుల గది, భోజనాల వేళ
బుధవారం

మామయ్యకు,

కుట్లు విప్పారు. తాళంచెవి దొరికింది. మీరన్నట్టే అమ్మ దాచిన చోటు మరిచిపోయింది, ఇద్దరం కలిసి ఇల్లంతా వెతికాం.

మీ మందు వాడుతున్నాను. మొదటివారం సిగ్గుతో చచ్చాను. సిగ్నల్ దగ్గర స్కూటరు మీద ఒకాయన నా వైపు వంగి, ఎవరితో మాట్లాడుతున్నారండీ అని అడిగాడు. రోడ్డుతోనండీ అన్నాను. ఆయన మర్యాదగా కాస్త అవతలికి జరిగాడు. ప్రెస్సులో కూడా పుకారు పుట్టింది. ప్రూఫులు చదివీ చదివీ దానికి మతి చలించిందని బైండింగువాళ్ళు అనుకుంటున్నారట. అనుకోనిచ్చాను. నాతో పని తొందర పెట్టడం మానేశారు, అదీ లాభమే.

కానీ మామయ్యా, రోజూ వెళ్ళే దారి నాకు ఇప్పుడు తెలుస్తోంది. వంతెన దిగగానే కుడివైపు తాళాలు బాగుచేసే ఆయన కూర్చుంటాడు. ఎన్నాళ్ళుగా ఉన్నావయ్యా అని అడిగితే, మీరు ఇటు రావడం మొదలుపెట్టక ముందు నుంచీ అన్నాడు. ఎడమవైపు మలుపులో చెత్తబండి ఆగుతుంది. దాని చాటు నుంచి స్కూలు పిల్లలు ఒక్కసారిగా ఊడిపడతారు. ఆ చాటు చూడకుండా ఇన్నాళ్ళూ ఎవర్నీ గుద్దకపోవడం నా గొప్ప కాదు, వాళ్ళ అదృష్టం.

ఇంకో సంగతి. సైకిల్ దిగాక కూడా నోరు ఆగడం లేదు. మొన్న భోజనం దగ్గర ప్రూఫులు పక్కన పెట్టి ఊరికే కూర్చున్నాను. చూసింది లోపలే చెప్పుకుంటున్నాను. అమ్మ వడ్డిస్తోంది. అమ్మ కూర్చుంది. అమ్మ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. అక్కడ ఆగిపోయాను. ఎప్పటి నుంచి రెండు చేతులతో పట్టుకుంటోందో నాకు తెలియదు. వేళ్ళ కణుపులు వాచి ఉన్నాయి. అడిగితే, చాలా రోజులైందిలే, నువ్వు చదువుకుంటున్నావని చెప్పలేదు అంది. రోజూ ఎదురుగా కూర్చుని తింటున్న మనిషిని నేను చూడలేదు. సిగ్గేసింది. గ్లాసు మార్చాను, చెవి ఉన్న కప్పు తెచ్చాను, డాక్టరుకు చూపించాను. అమ్మ ఆ కప్పుకు వంక పెడుతూనే దాంట్లోనే తాగుతోంది.

ఇక మీ దారి ఎలా ఉందో రాయండి. మీకు ఎక్కడా వంక దొరకదని తెలుసు, అయినా రాయండి.

మీ మేనకోడలు


వెనక వరండా
ఆదివారం పొద్దున

కోడలు పిల్లా,

నీ ఉత్తరం మీ అత్తయ్యకు చదివి వినిపించాను. నా పక్కనే ఉంటూ నువ్వు నన్ను చూసిందెప్పుడు అని నాకు అంటించింది. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. మా ఇంట్లో చెప్పేవాడే వినేవాళ్ళకు లోకువ.

మా దారి ఇది. ఇంటి దగ్గర బయల్దేరాం. కుడి పక్క మందుల షాపు, షట్టరు సగం ఎత్తి ఉంది, కుర్రాడు బయట ఊడుస్తున్నాడు, చీపురు రోడ్డు మీదికి వస్తుంది, జాగ్రత్త. పెట్రోలు బంకు లోంచి తెల్ల కారు ముక్కు బయట పెట్టింది, ముందు చక్రం మా వైపు తిరిగింది, ఆగాను. డిపో గోడ. గోడ మీద రంగు వేసేవాడి నిచ్చెన. దాటగానే పోస్టాఫీసు, ఆ ముందు స్కూటర్లు, ఒకటి స్టాండు తీస్తోంది. తర్వాత స్కూలు. అంతే. పిచ్చుక దిగి, తాతా ఈ రోజు పాసయ్యావు అంటుంది. పరీక్ష పెట్టేది అదీ, రాసేది నేనూ.

ఒంట్లో బాగానే ఉంది. మోచేతికి దెబ్బ తగిలి నల్లబడింది. మీ అత్తయ్యకు ఇంట్లో సామాను ఉన్నచోట ఉండనిస్తే నిద్ర పట్టదు. గుమ్మం పక్కన స్టూలు పెడుతుంది, బల్ల అంచున టీ కప్పు పెడుతుంది, నేను తన్నుకుంటాను, నాకే తిట్లు. ఈ నెలలో మూడో కప్పు పోయింది.

పిచ్చుకకు కథలు అల్లే జబ్బు పట్టింది. ఎవరి పోలికో రాయను, మీ అత్తయ్య ఈ ఉత్తరం కూడా చదివించుకుంటుంది. క్రితం వారం ఇళ్ళ వరస దాటుతుంటే వెనక నుంచి నా చొక్కా లాగింది. తాతా, గేటు దగ్గర ఒకావిడ పడిపోయింది అంది. బండి ఆపి వెనక్కి తిరిగి చూశాను. రోడ్డు ఖాళీ. పురుగు లేదు. చూసింది చెప్పమన్నాను గానీ చూడంది చెప్పమనలేదే అని మందలించాను. స్కూలు దాకా మూతి ముడుచుకుని కూర్చుంది. ఆ రోజు నేను పాసవలేదు.

మామయ్య


ప్రూఫుల గది
మంగళవారం

మామయ్యా,

మీ ఉత్తరం చాలాసార్లు చదివాను. చెప్పదలుచుకున్నది ముందే చెప్పేస్తాను. మీకు ఎడమ పక్క కనిపించడం లేదు.

మా పనిలో ఒక సంగతి ఉంది. ఉన్న తప్పు పట్టుకోవడం తేలిక. అక్షరం తిరగబడితే కంట్లో గుచ్చుకుంటుంది. కానీ ఒక లైను మొత్తం ఎగిరిపోతే పట్టుకోవడం కష్టం. మిగిలిన లైన్లన్నీ శుభ్రంగా ఉంటాయి, పేరా నున్నగా సాగిపోతుంది. అందుకని ప్రతి పుటా ఒకసారి, ఇక్కడ ఏం లేదు అని అడుగుతూ చదవాలి. మీ దారిని అలా చదివాను. మందుల షాపు, పెట్రోలు బంకు, డిపో గోడ, పోస్టాఫీసు. అన్నీ కుడి పక్కవే. ఆ వీధి నాకు తెలుసు. సైకిల్ మీరు నాకు నేర్పింది అక్కడే. ఎడమ పక్క కలప అడితి ఉంది, ఆ తర్వాత వరసగా ఇళ్ళూ గేట్లూ ఉన్నాయి. ఒక్క గేటు కూడా మీ ఉత్తరంలో తెరుచుకోలేదు. మీరు రాసిన కాగితం కూడా చూశాను. ఎడమ పక్క అంచు ప్రతి పంక్తికీ పెరుగుతూ పోయింది, చివరికొచ్చేసరికి సగం పుటలోనే రాశారు. తగిలిన మోచేయి ఏదో రాయలేదు. అత్తయ్యకు ఫోన్ చేసి మాటల్లో పెట్టి అడిగాను. ఎడమది. పోయిన కప్పులు మీకు ఎడమ పక్కవి.

పిచ్చుక కథ అల్లలేదు. ఆ గేటు దగ్గర నిజంగానే ఎవరో పడి ఉండాలి.

కళ్ళ డాక్టరుకు చూపించుకోండి. చూపించుకునేదాకా పిచ్చుకను సైకిల్ ఎక్కించకండి. అత్తయ్యకు ఇది చెప్పలేదు, పిచ్చుక వాళ్ళమ్మ, మా వదినకూ చెప్పలేదు. మీకే ముందు చెప్పాలనిపించింది. నేను పొరపాటు పడి ఉంటే నన్ను ఎన్ని మాటలన్నా పడతాను. పొరపాటు పడాలనే కోరుకుంటున్నాను.

మీ మేనకోడలు


వెనక వరండా
శనివారం

ప్రూఫ్‌రీడరు గారికి,

మీ ఉత్తరం అందింది. మేము రాయనివి కూడా చదివి మాకు జబ్బు నిర్ణయించినందుకు ధన్యవాదాలు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనేవాళ్ళను చూశాము. ఈనకముందే కట్టేసేవాళ్ళను ఇప్పుడు చూస్తున్నాము.

మా కళ్ళు బాగున్నాయి. పేపరు చదువుతున్నాము. సూదిలో దారం మేమే ఎక్కిస్తున్నాము. మీ అత్తయ్య ఎదురుగా నిలబడి వేళ్ళు చూపిస్తే అన్నీ సరిగ్గా చెప్పాము. ఉద్యోగం చేసినన్నాళ్ళూ మా చేతిలో బస్సు ఒక గోడకు కూడా గీసుకోలేదు. ఎడమ పక్క చూడటం ఇతరులకు నేర్పిన మనిషికి ఎడమ పక్క లేదని చెప్పడానికి మీరు తప్ప ఇంకెవరూ సాహసించరు.

కాగితం అంచు సంగతి. ఒళ్ళో పెట్టుకుని రాస్తే అంచు వంకర పోతుంది. దానికి డాక్టరు అక్కర్లేదు, బల్ల చాలు.

పిల్ల క్షేమం మాకు తెలుసు. స్కూలు సెలవులు అయిపోగానే పిచ్చుకను మేమే తీసుకెళ్తాము. దయచేసి మీ పుస్తకాల్లోని తప్పులు చూసుకోగలరు.

ఇట్లు,
డిపో మాజీ శిక్షకుడు


ముందు గది
సోమవారం

మామయ్యా,

మీరు నన్ను "మీరు" అన్నారు. తిట్టి ఉంటే ఇంత బాధపడేదాన్ని కాదు.

స్కూలుకు ఈ వారమంతా సెలవులని వదిన మాటల్లో తెలిసింది, అందుకే ఇంకా ఆగాను. వదినకు చెబుదామని ఫోన్ చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేశాను. వదిన చెబితే మీరు మానేస్తారు గానీ నమ్మరు. నమ్మకుండా మానేసినవాళ్ళు నాలుగు రోజులాగి మళ్ళీ మొదలుపెడతారు.

నేను వాదించను. మీరు డిపోలో వాదించేవారా? నడిపి చూపించమనేవారు. ఇదొక్కటి చెయ్యండి. ఆ వీధి వన్ వే. సైకిల్ మీద మీరు ఎప్పుడూ ఒకే వైపు వెళ్తారు, తిరిగి వచ్చేటప్పుడు డిపో వెనక రోడ్డున వస్తారు. కాబట్టి ఇళ్ళ వరస మీకు ఎప్పుడూ ఎడమ పక్కే ఉంటుంది. ఈసారి ఒంటరిగా, నడిచి వెళ్ళండి. చూసింది పైకి చెప్పుకుంటూ పోస్టాఫీసు దాకా వెళ్ళండి. అక్కడ వెనక్కి తిరిగి అదే వీధిలో నడిచి ఇంటికి రండి. అప్పుడు ఆ ఇళ్ళే మీకు కుడి పక్కన ఉంటాయి. వెళ్ళేటప్పుడు చెప్పినవీ వచ్చేటప్పుడు చెప్పినవీ ఒకటే అయితే నాకు రాయండి. మీ ఇంటికొచ్చి అందరి ముందూ క్షమాపణ చెబుతాను.

ఆదివారం వరకు ఆగుతాను. ఏ కబురూ రాకపోతే ఆ సాయంత్రం వదినకు నేనే చెబుతాను. మీరు ఆ తర్వాత నాతో మాట్లాడకపోయినా సరే. మీరు నాతో మాట్లాడకపోవడం నాకు చిన్న విషయం కాదు. పిచ్చుక కంటే మాత్రం చిన్నదే.

మీ మేనకోడలు


వెనక వరండా, బల్ల మీద
గురువారం

కోడలు పిల్లా,

వదినకు నువ్వు చెప్పక్కర్లేదు, నేనే చెప్పుకున్నాను అని ఆ శనివారం ఫోన్‌లో ఒక్క ముక్క చెప్పి పెట్టేశాను. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను. ఎడమ అంచున ఎర్ర పెన్సిలుతో మీ అత్తయ్య గీత గీసి ఇచ్చింది, ప్రతి పంక్తికీ ఆ గీత దొరికేదాకా వెతుక్కుని మొదలుపెడుతున్నాను. అందుకే వారం పట్టింది.

నడిచాను. నిన్ను ఓడించాలనే వెళ్ళాను, అది కూడా రాస్తున్నాను. వెళ్ళేటప్పుడు ఎడమ పక్కకు తల తిప్పి మరీ చెప్పుకున్నాను. కలప అడితి, దుంగలు, రంపపు పొట్టు వాసన. ఇళ్ళు, గేట్లు, అన్నీ మూసి ఉన్నాయి. మనసులో నీకు ఉత్తరం కూడా రాసేసుకున్నాను. పోస్టాఫీసు దగ్గర వెనక్కి తిరిగాను.

అడితి లేదు. ఆ చోట మూడంతస్తుల భవనం ఉంది. గోడలకు సున్నం వేశారు, కిటికీలకు తెరలు కూడా కట్టారు, కింద ఎవరో కాపురం ఉంటున్నారు. అంత పెద్ద భవనం నా పక్కన లేచింది. రోజూ దాని ముందు నుంచి పిల్లను కూర్చోబెట్టుకుని వెళ్ళాను, లేని దుంగలు చూసుకుంటూ వెళ్ళాను. దాని ముందు అరుగు మీదే కూర్చుండిపోయాను. నాకు అంత భయం ఎప్పుడూ వెయ్యలేదు. బస్సు బ్రేకులు పోయిన రోజు కూడా వెయ్యలేదు, ఆ రోజు బ్రేకులు పోయాయని నాకు తెలుసు.

ఆసుపత్రికి మీ వదినే తీసుకెళ్ళింది. పెద్ద గిన్నెలాంటి యంత్రంలో మొహం పెట్టించి, చుక్క మెరిసినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. చకచకా నొక్కాను. సులువుగా ఉందండీ అని కూడా అన్నాను. తర్వాత కాగితం చూపిస్తే ఎడమ సగం నల్లగా ఉంది. ఆ సగంలో కూడా చుక్కలు మెరిశాయట. కళ్ళలో లోపం లేదు, రక్తం అందక మెదడుకు చిన్న దెబ్బ తగిలింది, నెలల కిందటే ఎప్పుడో నిద్రలో అయి ఉంటుంది అన్నాడు డాక్టరు. ఎడమ అనేదాన్ని పట్టించుకోవడం మెదడు మానేసిందట. తల తిప్పానని నాకు అనిపిస్తుంది, నిజంగా తిరిగింది సగమేనట. గురివింద గింజకు తన నలుపు తెలియదంటారు. నాకు నలుపుగా కూడా కనిపించలేదు. అక్కడ ఏదైనా ఉండాలనే తోచలేదు. మందులిచ్చారు. తల పూర్తిగా తిప్పే అభ్యాసం నేర్పుతున్నారు. కొంత తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నారు. సైకిల్ వద్దన్నారు. ఆ మాట డాక్టరు అనకముందే నేను అన్నాను.

మీ వదిన ఇంటికొచ్చి పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని చాలాసేపు వదల్లేదు. అది చూడటం తిట్లు తినడం కంటే కష్టంగా ఉంది.

పిచ్చుకకు చెప్పాను, నువ్వు చూసింది నిజమేనమ్మా, తాతకే కనపడలేదు అని. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆ గేటు ఏదో నాకు తెలుసు, చూపిస్తాను రా అంది. ఇప్పుడు స్కూలుకు నడిచే వెళ్తున్నాం కాబట్టి మర్నాడు పొద్దున ఆ గేటు ముందు ఆగింది. ఆకుపచ్చ గేటు. నా మనవరాలు వేలు పెట్టి చూపించాక, మెడ నొప్పి పుట్టేదాకా తిప్పితే కనపడింది. పిల్లను స్కూల్లో దింపి ఒక్కణ్ణే ఆ గేటు దగ్గరికి తిరిగి వచ్చి పిలిచాను.

ఆ రోజు పడినావిడ బట్టలు కుట్టే మనిషి. నాకంటే కాస్త చిన్నది. ముందు గదిలోనే మిషను ఉంది, దాని మీద దుప్పటి కప్పి ఉంది. కుడి చేతికి కట్టు. సగం కుట్టిన కర్టెన్లు కుర్చీల మీద మడతపెట్టి ఉన్నాయి. పక్కింటావిడ వచ్చి వంట చేసి పెడుతోందట. నేను ఎవరో చెప్పాను. ఎలా జరిగిందో, ఎందుకు కనపడలేదో, డాక్టరు చెప్పింది, అంతా చెప్పాను. కూర్చోమంది. కోప్పడలేదు. హ్యాండిల్ తనకు తగల్లేదని, మీద పడుతుందని వెనక్కి గెంతి గేటు లోపలికి పడిందని చెప్పింది. అందుకే రోడ్డు ఖాళీగా కనపడింది నాకు. ఆసుపత్రి ఖర్చు నాదన్నాను. అదంతా తర్వాత చూద్దాంలెండి అంది. రోజూ ఆ దారినే వెళ్తాం కాబట్టి కూరగాయలూ మందులూ నేను తెచ్చి ఇస్తున్నాను. వద్దనడం మానేసింది.

మొదటి రోజు లేచి వస్తుంటే ఒక మాట అంది. అది మీ అత్తయ్యకు చెప్పలేదు, మీ వదినకు చెప్పలేదు. ఇళ్ళ వరస మొదలవగానే బెల్ కొట్టడం నా చేతికి ఎన్నో ఏళ్ళ అలవాటు. గేట్లున్న చోట కొట్టాలి. బస్సులో హారన్ కూడా అలాగే కొట్టేవాణ్ణి. చూపు పోయినా చేయి దాని పని అది చేసుకుపోతూనే ఉంది. ఆవిడ ఏమందంటే,

"మీరు బెల్ కొట్టారండి. నన్ను చూసే కొట్టారనుకున్నా. చూశారు కదా, తప్పించుకుని పోతారులే అని అడుగు బయట పెట్టా. కొట్టకపోతే ఆగేదాన్నే."

ఈ మాట నాలోనే ఉంచుకోవచ్చు. కానీ నువ్వు కూడా రోజూ బెల్ కొడతావు, అందుకని రాశాను.

మామయ్య